మొదటి బంతి భోజనం

ఆ వేసవి గొడవ ఒక తువ్వాలుతో మొదలైంది.

జూన్ వచ్చిందంటే మా అమ్మ కలియోపి పొద్దున్నే అయ్-సోస్తిస్ బీచ్‌కి బయలుదేరుతుంది. నెత్తిన గడ్డి టోపీ, నాన్న పోయినప్పటినుంచీ ఒంటిమీద నల్లటి ఈత దుస్తులు. ఆమె ఈడు ఆడవాళ్ళంతా అక్కడే చేరతారు. మెడదాకా నీళ్ళలో నిలబడి, టోపీలు తియ్యకుండా, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో, ఎవరి ఇంటి పైకప్పు కారుతోందో అన్నీ తేల్చుకుని ఎండ ముదరకముందే ఇళ్ళకి వచ్చేస్తారు. బీచ్ ఒక చివర, కొండరాయి మీద, పునీత సోస్తిస్ చర్చి. తెల్లగా, చిన్నగా, పదిమంది నిలబడితే పదకొండోవాడు గుమ్మంలో ఉండాల్సినంత. దాని పక్కన ఉప్పుగాలికి తట్టుకుని పెరిగే అల్మిరికి చెట్లు. మొదటి చెట్టు కింద అమ్మ తువ్వాలు.

ఆ రోజు ఆ చెట్టు కింద పడక కుర్చీలు వేసి ఉన్నాయి. చెట్టు కింద మాత్రమే కాదు, బీచ్ ఈ చివర నుంచి ఆ చివరదాకా వరసలు వరసలుగా. గొడుగులన్నీ నారింజ రంగు. అమ్మ రెండు కుర్చీల మధ్య ఉన్న జానెడు సందులో తువ్వాలు పరిచింది. నారింజ రంగు చొక్కా వేసుకున్న ఒక మనిషి వచ్చి, ఇది కస్టమర్ల వరస, తీసెయ్యమన్నాడు.

"నా పెళ్ళికి ముందు నుంచీ ఈ చెట్టు కిందే పరుస్తున్నాను. నువ్వు ఎవరబ్బాయివి నాయనా?" అని అడిగింది అమ్మ.

ఆ మనిషి ఏథెన్స్‌కి అవతల ఉత్తరాది నుంచి సీజన్‌కి పనికొచ్చినవాడు. మా ద్వీపంలో ఎవరబ్బాయీ కాడు. పాపం, మర్యాదగానే చెప్పాడట. "నన్నెందుకు తిడతారు పెద్దమ్మా. మీ అబ్బాయినే అడగండి. స్థలం ఇచ్చింది ఆయనేగా."

అమ్మ ఆ రోజు నీళ్ళలో దిగలేదు. తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని, కొండ ఎక్కి ఇంటికొచ్చేసింది.

మా దగ్గర ఇళ్ళు ఆడపిల్లలకి ఇస్తారు. మంచి పొలాలు పెద్ద కొడుకులకి. చివరివాడికి సముద్రం ఒడ్డున ఉప్పు పట్టిన నేల. అక్కడ మేకలు కూడా అయిష్టంగానే మేస్తాయి. మా ఇంట్లో పిల్లలం ఇద్దరమే. నేను జబేటాని, నాకు ఇల్లు. నా తమ్ముడు స్టమాటిస్‌కి అయ్-సోస్తిస్ వెనకాల ఉప్పు నేల. కొండ మీది పొలం నాన్న జబ్బుపడ్డప్పుడే అమ్మేశాం. ఆ నేల ఒకనాటికి బంగారమవుతుందని ఊహించినవాడు ఊళ్ళో ఒక్కడు లేడు. నాన్న అసలే ఊహించలేదు. వాడికి ఆ నేల ఇస్తూ, ఏమీ ఇవ్వలేకపోతున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టమాటిస్ దాచలేదు. ఏథెన్స్ నుంచి వచ్చిన వ్లాసిస్ అనేవాడితో వాటా కలిపాడు. నేల వీడిది, బార్ వాడిది, ఇసుక మీద కుర్చీలు ఇద్దరివీ.

"ఇసుక ఎవరిదిరా?" అన్నాను నేను.

"ప్రభుత్వానిది. పర్మిషన్ తీసుకున్నాం."

"పర్మిషన్ సగానికే ఇస్తారు. మిగతా సగం జనానికి వదలాలి. చంటిపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి."

"నువ్వు హోటల్లో రోజూ ఎవరికి తాళాలిస్తున్నావక్కా? వాళ్ళంతా ఎక్కడ పడుకుంటారనుకున్నావు, రాళ్ళ మీదా?" వాడు రొట్టె తుంచుకుంటూ నవ్వాడు. "నువ్వు గదులమ్మితే ఉద్యోగం. నేను నీడ అమ్మితే పాపం."

ఆ మాట నా ఒళ్ళు మండించింది. అమ్మ మాత్రం ఒకటే అడిగింది. సెప్టెంబర్‌లో పండగనాటికి కుర్చీలు తీసేస్తావా అని.

"అప్పటికి సీజన్ అయిపోతుందిలే అమ్మా," అన్నాడు వాడు.

అమ్మ అడగడానికి కారణం ఉంది. ఆ ఏడు పటం మా ఇంట్లో ఉంది.

పునీత సోస్తిస్ పటం చర్చిలో ఉండదు. ఏడాదికో ఇంట్లో ఉంటుంది. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఏడాది పొడుగునా దాని ముందు దీపం ఆరనివ్వకూడదు. పండగ ముందురోజు సాయంత్రం పటాన్ని పడవలో బీచ్‌కి తీసుకెళ్ళి, ప్రార్థన చేయించి, వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టాలి. ఎవర్నీ పిలవరు. ఎవర్నీ పొమ్మనరు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. బల్లలు తక్కువ, జనం ఎక్కువ కాబట్టి బంతులు బంతులుగా తింటారు. ఒక బంతి లేస్తే ఇంకో బంతి. ఆ ఇంటివాళ్ళు మాత్రం ఏ బంతిలోనూ కూర్చోరు. అందరూ తిన్నాక, వంటగదిలో నిలబడి, కుండ అడుగున మిగిలింది తింటారు. ఆ విందుకి వండే శనగల కుండ అడుగున మాడు కట్టి ఉంటుంది చూడండి, అది ఆ ఇంటివాళ్ళది. దానికోసం చిన్నప్పుడు పక్కిళ్ళ పిల్లల్ని చూసి కుళ్ళుకునేవాళ్ళం నేనూ స్టమాటిస్.

నాన్న బతికుండగా పేరిచ్చి వచ్చాడు. వంతు వచ్చేసరికి ఆయన లేడు. పటం ఇంటికొచ్చిన రోజు అమ్మ నాన్న కుర్చీని గోడవైపు జరిపి ఆ చోట దీపం పెట్టింది.

జూలైలో ఊరి ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. పర్మిషన్లిచ్చే ఆఫీసు నుంచి ఒకాయన కొలతల టేపుతో వచ్చాడు. ఆయన పడవ దిగేసరికి సగం బీచ్ ఖాళీగా, దువ్విన జుట్టులా నున్నగా ఉంది. ఆయన కొలిచాడు, కాఫీ తాగాడు, అంతా సవ్యంగా ఉందన్నాడు. ఆయనెక్కిన పడవ మలుపు తిరిగేలోగా కుర్చీలు మళ్ళీ నీళ్ళ అంచుకి దిగాయి. నేనే స్వయంగా ఆఫీసుకి వెళ్తే, సీజన్ అయ్యాక చూద్దామన్నారు. సీజన్ అయ్యాక కుర్చీలే ఉండవు కదండీ, ఏం చూస్తారు అన్నాను. అక్కడి ఆఫీసరు నా వంక జాలిగా చూసి, మీ తమ్ముడిదేగా అమ్మా, ఇంట్లో మాట్లాడుకోరాదా అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఊరందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఏ తలుపు తట్టినా అదే జవాబు. నాన్న పాత స్నేహితుడు, పటాన్ని తీసుకెళ్ళాల్సిన పడవ యజమాని యాకూమిస్ బాబాయి కూడా మొదట గొణిగాడు. మీ ఇంటి గొడవలో నేనేం చెప్పేదే జబేటా అని. అది మా ఇంటి గొడవ కాదు. మా బీచ్ గొడవ. కానీ మా ఇంటి నెత్తిన వేసేస్తే అందరికీ హాయిగా ఉంది.

అమ్మ ఆ వేసవంతా ఓడరేవు పక్కన, పడవల నూనె తేలే నీళ్ళలో స్నానం చేసింది. మిగతా ఆడవాళ్ళూ అక్కడికే మారారు. టోపీలు అవే. కబుర్లు మాత్రం తగ్గిపోయాయి.

ఆగస్టు చివరలో, హోటల్ బల్ల దగ్గరికి ఒక విదేశీ జంట వచ్చింది. పెద్దవాళ్ళు, మంచివాళ్ళు. ఆవిడ చేతిలో నారింజ రంగు కాగితం. సెప్టెంబర్ ఆరో తేదీ సాయంత్రం భోజనానికి వాళ్ళు టికెట్లు కొన్నారట. రెండోసారి వడ్డించుకోవచ్చా, వైన్ అందులోనే కలిసి ఉందా అని అడిగింది.

కాగితం తీసుకుని చూశాను. మా చర్చి బొమ్మ. దాని కింద, అసలైన ద్వీపవాసుల పండగ, మట్టికుండలో వండిన శనగలు, సముద్రం ఒడ్డున, టికెట్ ఉన్నవారికి మాత్రమే.

ఉన్నవారికి మాత్రమే.

మేనేజర్‌కి చెప్పకుండానే బయటికొచ్చి స్కూటర్ తీశాను. దారంతా నేనేం తిట్టుకుంటూ వెళ్ళానో ఇక్కడ రాయలేను. స్టమాటిస్, వ్లాసిస్ బార్‌లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. వ్లాసిస్ చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. నునుపుగా మాట్లాడతాడు. లేచి నాకు కుర్చీ జరిపాడు.

"మీ అమ్మగారికి భారం తగ్గించాలనే జబేటా గారూ. వైన్ మాది, మాంసం మాది, వడ్డించేవాళ్ళు మావాళ్ళు. ఆవిడ శనగలు మాత్రం వండితే చాలు. ఊరివాళ్ళకి పైన, కార్లు ఆపేచోట, విడిగా బల్లలు వేయిస్తాం. వాళ్ళకి ఉచితమే."

"ఊరివాళ్ళకి ఉచితం," అన్నాను నేను. "వాళ్ళ పండగ వాళ్ళకే. కార్ల మధ్యలో."

"గాలి బాగుంటుంది అక్కడ."

నేను స్టమాటిస్ వైపు తిరిగాను. "నీకు తెలుసా ఇది?"

వాడు గ్లాసులోని ఐసుముక్కని వేలితో తిప్పుతున్నాడు. "తప్పేముందక్కా. వచ్చినవాళ్ళందరికీ పెట్టాలనేగా ఆచారం. వీళ్ళూ వస్తున్నవాళ్ళే."

"వచ్చినవాళ్ళకి పెట్టాలి. అమ్మాలని ఎవడన్నాడు?"

"నాన్న నాకు ఉప్పు నేల ఇచ్చాడే," అన్నాడు వాడు, మొదటిసారి గొంతు పెంచి. "దాన్ని చూసి అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఇప్పుడు అది నాలుగు రాళ్ళు సంపాదిస్తుంటే అందరికీ దేవుడు గుర్తొచ్చాడు."

నేను నవ్విన మాట నిజమే. అప్పటికి నాకూ బుద్ధి లేదు. అయినా నవ్వుకి నవ్వు చెల్లు. దీనికి అది చెల్లు కాదు. ఆ కాగితాన్ని వాడి గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఇంటికెళ్ళి అమ్మకి అంతా చెప్పాను. కోపంతో. ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను. దీపంలో నూనె పోస్తూ మొత్తం విని, ఒత్తి సరిచేసి, మర్నాటి నుంచి మామూలుగా పనుల్లో పడింది. శనగలు నానబోసే రోజున మాత్రం, నేను కొలిచి గంగాళంలో పోస్తుంటే వచ్చి చూసింది.

"ఇంకా పొయ్యి."

"ఊరికి ఇది సరిపోతుందమ్మా."

"టికెట్లు కొన్నవాళ్ళని కలపలేదు నువ్వు," అంది అమ్మ. "పాపం వాళ్ళేం చేశారు. పొయ్యి."

కుండల మూతల చుట్టూ పిండి మెత్తి బేకరీ పొయ్యిలోకి తోశాం. ఆరో తేదీ సాయంత్రానికి కుండలన్నీ యాకూమిస్ బాబాయి పడవ అడుగున, గోనెల మధ్య వెచ్చగా కూర్చున్నాయి. పటం అమ్మ చేతుల్లో. ఫాదర్ యెరాసిమోస్ పక్కన నిలబడి, ఒక చేత్తో గడ్డం, ఇంకో చేత్తో అంగీ గాలికి ఎగరకుండా పట్టుకున్నారు. వెనక ఊరి పడవలు వరసగా. స్టమాటిస్ పడవెక్కలేదు. ముందే బీచ్ దగ్గర ఉన్నాడని ఎవరో అన్నారు. ఇంటి కొడుకు పటం పక్కన లేకపోవడం అందరూ చూశారు.

కొండ మలుపు తిరిగేసరికి బీచ్ కనిపించింది. రాతి జెట్టీ మీద మెత్తటి సోఫాలు, లాంతర్లు. జెట్టీ పక్కన ఇసుక మీద కుర్చీలు నీళ్ళదాకా. చర్చి ముందు తాడు కట్టి, తాడు దగ్గర ఇద్దరు నారింజ చొక్కాలవాళ్ళు. లోపల విదేశీయులు, చేతులకి నారింజ రంగు కాగితపు పట్టీలు. పైన కార్ల మధ్య, నడిచి వచ్చిన మా ఊరి ముసలివాళ్ళు.

"పడవ కట్టే రాయి మీద సోఫా వేసుకున్నాడు వెధవ," అన్నాడు యాకూమిస్ బాబాయి. ఇంజను తగ్గించాడు. "కలియోపీ, ఎలా దింపను నిన్ను?"

ఫాదర్ యెరాసిమోస్, బార్‌వాళ్ళకి కబురు పంపుదామా, ఒక్క జెట్టీ అన్నా ఖాళీ చేయిస్తారేమో, అన్నారు. మంచి మనిషి ఆయన. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేరు.

"అడగడం దేనికి ఫాదర్," అంది అమ్మ. "ఈ నీళ్ళలో నేను రోజూ దిగేదాన్నే. ఎక్కడ ఎంత లోతో నాకు తెలుసు."

అంటూనే పడవ అంచు దాటి దిగిపోయింది. ఆ బరువైన నల్లటి గౌను నడుందాకా నీళ్ళలో విచ్చుకుంది. పటాన్ని తలకంటే ఎత్తున పట్టుకుని, అడుగు తరవాత అడుగు, ఒడ్డువైపు నడిచింది. నేను వెనకే దూకాను. నా వెనక ఇంకొకరు, ఇంకొకరు. టోపీల ఆడవాళ్ళంతా, పండగ బట్టలతో, నీళ్ళలోకి. నీళ్ళ చప్పుడు ఒక్కటే.

మొదటి వరస కుర్చీల దగ్గర అమ్మ ఆగింది. ఎదురుగా, హోటల్లో నన్ను రెండో వడ్డన సంగతి అడిగిన పెద్దావిడ. ఆవిడకి మా భాష రాదు. లేచి నిలబడి, తన కుర్చీని తనే పక్కకి లాగింది. ఆమె భర్త తనది లాగాడు. తరవాతి వరసవాళ్ళు. ఆ తరవాతివాళ్ళు. నీళ్ళ దగ్గర్నుంచి చర్చిదాకా దారి పడింది. తాడు దగ్గరి ఉత్తరాది మనిషి, జూన్‌లో తువ్వాలు తీయమన్నవాడు, ఒక్క క్షణం వెనక్కి చూసి తాడు కింద పడేశాడు.

వ్లాసిస్ గబగబా వచ్చాడు. "మేడమ్, నాకు పర్మిషన్ ఉంది."

"నాకు లేదు నాయనా. సోస్తిస్‌కీ లేదు," అంది అమ్మ. ఆవిడ గౌను నుంచి నీళ్ళు కారుతున్నాయి. "శనగలు చల్లారిపోతున్నాయి. జరుగు."

ప్రార్థన అయ్యేలోపల కార్ల దగ్గర్నుంచి ఊరు మొత్తం కిందికి దిగింది. ఆడవాళ్ళు పడక కుర్చీలని జతలు జతలుగా కలిపి, మీద తెల్లగుడ్డలు పరిచి బల్లలు చేశారు. అంత పనికొచ్చే సామానని అంతకుముందు మాకు తెలీదు. అమ్మ మూతల పిండి పొడిచి తీసిన కత్తెర చేత్తో పట్టుకుని వరస మొదట్లో నిలబడింది. పట్టీ ఉన్న ప్రతి చెయ్యీ ముందుకి చాపించి, పట్టీ కత్తిరించి, ఆ తరవాతే ఆ చేతిలో గిన్నె పెట్టింది. నారింజ ముక్కలు ఆవిడ కాళ్ళ దగ్గర రాలుతున్నాయి. ఎవరి డబ్బులు వాళ్ళకి తిరిగిచ్చెయ్యమని వ్లాసిస్‌కి చెప్పి, వాడికీ ఒక గిన్నె చాపింది. వాడు పుచ్చుకోలేదు. ఆ సాయంత్రం ఆ బీచ్ నుంచి తినకుండా పోయినవాడు వాడొక్కడే.

అప్పుడు వచ్చాడు స్టమాటిస్.

చెట్ల చాటునుంచి వచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచి, జుట్టు తడిపి దువ్వుకుని. గిన్నెల పళ్ళెం భుజానికెత్తుకున్నాడు, ఇంటి కొడుకు ఎత్తుకోవాల్సినట్టే. యాకూమిస్ బాబాయి హమ్మయ్య అన్నట్టు తలాడించాడు.

అమ్మ చేతులు తుడుచుకుని వాడి దగ్గరికి వెళ్ళింది. వాడి భుజం మీది పళ్ళెం మెల్లగా దించి నా చేతికిచ్చింది. వాణ్ణి మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మొదటి బంతిలో, ఆ విదేశీ జంట పక్కన కూర్చోబెట్టింది. వాడి ముందు గిన్నె పెట్టింది. రొట్టె పెట్టింది. నిమ్మకాయ పిండింది.

"తిను," అంది. "చాలా దూరం నుంచి వచ్చావు."

వాడు తలెత్తి ఆవిడ ముఖంలోకి చూశాడు. చుట్టుపక్కల మూడు బల్లలవాళ్ళు ఇటు తిరిగారు. పక్కనున్న పెద్దావిడకి ఏమీ అర్థం కాక, నవ్వుతూ వాడి గ్లాసులో వైన్ పోసింది. వాడు చెంచా తీసుకున్నాడు. తిన్నాడు. పూర్తిగా తిన్నాడు, అది మాత్రం చెప్పాలి. తల వంచుకుని, చివరి గింజదాకా.

బంతి మీద బంతి లేచింది. అందరూ తిన్నాక, చర్చి వెనక వంటగదిలో అమ్మా, నేనూ, సాయం చేసిన మా ఇద్దరు మేనత్తలూ కుండ చుట్టూ నిలబడ్డాం. అమ్మ గరిటెతో మాడు గీరుతోంది. గుమ్మంలో నీడ పడింది. స్టమాటిస్. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. పిలుస్తారని చూస్తున్నాడు.

ఆ విందుకి ఎవర్నీ పిలవరు. అమ్మ చూసింది, గీరుతూనే ఉంది. నేను నోరు తెరవబోయాను. నారింజ కాగితం గుర్తొచ్చింది. మూసుకున్నాను. కాసేపటికి గుమ్మం ఖాళీ అయింది.

పటం వేరే ఇంటికి వెళ్ళిపోయింది. నాన్న కుర్చీ మళ్ళీ దాని చోటికి వచ్చింది. వ్లాసిస్ మరుసటి ఏడు ఇంకో ద్వీపం చూసుకున్నాడు. ఆఫీసువాళ్ళు చూస్తామన్నది ఇప్పటికీ చూడలేదు. జూన్‌లో అయ్-సోస్తిస్‌లో మళ్ళీ పడక కుర్చీలు వెలిశాయి. కానీ సగం బీచ్ దగ్గరే ఆగిపోయాయి. మొదటి అల్మిరికి చెట్టు నుంచి చర్చిదాకా, చర్చి నుంచి నీళ్ళదాకా, ఒక్కటి లేదు. ఎవరు ఆపారని ఊళ్ళో ఎవరూ అడగలేదు. అమ్మా అడగలేదు. తువ్వాలు తీసుకెళ్ళి పరిచింది, టోపీ పెట్టుకుని నీళ్ళలోకి దిగింది.

స్టమాటిస్ ఆదివారాలు భోజనానికి వస్తాడు. అమ్మ వాడికి అందరికంటే ముందు వడ్డిస్తుంది. మంచి ముక్క వేస్తుంది, ఉతికిన తువ్వాలు చేతికిస్తుంది, ఇంకాస్త వెయ్యనా అని రెండుసార్లు అడుగుతుంది. వాడు చాలమ్మా అంటాడు. పొయ్యి దగ్గర నేను కుండ అడుగు గీరుతున్న చప్పుడు వినిపిస్తుంటే, తింటూ తింటూ ఆగి అటే చూస్తాడు.